సెంటర్ బేరింగ్ షాఫ్ట్‌ను వదలకపోతే

పాత లారీల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే పొడవాటి గొట్టం) మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ తుప్పుతో పట్టేస్తే చాలామంది నేరుగా పెద్ద సుత్తి అందుకుంటారు. దెబ్బలకు షాఫ్ట్ వంగితే బండి వణుకు ఇక తగ్గదు. మొదట చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. షాఫ్ట్ ఊడాక గేరులో ఉన్నా బండి దొర్లిపోతుంది. విప్పేముందే షాఫ్ట్ రెండు ముక్కల మీదా సుద్దతో కాకుండా పంచ్‌తో గుర్తు కొట్టండి. సుద్ద గీత డీజిల్ తగలగానే పోతుంది, నాకు ఒకసారి అలాగే పోయింది. క్రాస్‌లు (షాఫ్ట్‌ను కలిపే కీళ్లు) ఒక వరుసలో కూర్చోకపోతే వచ్చే వణుక్కి మళ్లీ అంతా విప్పాలి.

నట్టు తీశాక తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పుల్లర్ (బేరింగ్‌ను లాగి తీసే పనిముట్టు) వేసేటప్పుడు దాని కాళ్లు లోపలి రింగు వెనకే పట్టాలి. బయటి రింగు పట్టి లాగితే బేరింగ్ విడిపోయి, లోపలి రింగు మాత్రం షాఫ్ట్ మీదే మిగిలిపోతుంది.

అలా మిగిలిందా, టెన్షన్ పడొద్దు. చిన్న గ్రైండర్‌తో రింగు మీద ఏటవాలుగా గాడి కొయ్యండి. షాఫ్ట్‌ను తాకకుండా, గోరు మందం మిగిలేంతవరకే. గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే టక్‌మని చిట్లుతుంది, తర్వాత చేత్తో జరుగుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ రింగు గాజులా పగిలి ఎగురుతుంది. గ్యాస్ మంట మాత్రం షాఫ్ట్ దగ్గరికి రానివ్వకండి.

కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు సరిపోయే పైపు ముక్క పెట్టి కొట్టండి.