కార్తీక సముద్ర స్నానం: రిప్ కరెంట్‌ను గుర్తుపట్టడం, బయటపడడం

కార్తీక పౌర్ణమికి సూర్యలంక, మంగినపూడి తీరాలకు జనం పోటెత్తుతారు. చాలామంది పిల్లలతో దిగడానికి అలలు తక్కువగా ఉన్న చోటే చూసుకుంటారు. ప్రమాదం ఉండేది చాలాసార్లు అక్కడే.

ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున ఇసుక దిబ్బలుంటాయి. వాటి మీద విరిగే అలలు నీటిని ఒడ్డుకు నెడతాయి. ఆ నీరంతా దిబ్బల మధ్య లోతైన సందులోంచి వెనక్కి పోతుంది. లోతు వల్ల అక్కడ అల విరగదు, అందుకే చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది. అదే రిప్ కరెంట్. ఉద్ధృతంగా ఉంటే సెకనుకు 2 మీటర్లు దాటుతుంది, గజ ఈతగాడు కూడా ఎదురీదలేడు. పౌర్ణమికి ఆటుపోట్ల తేడా ఎక్కువ కాబట్టి ఆటు వేళ మరింత జాగ్రత్త అవసరం.

దిగేముందు కాస్త ఎత్తైన చోట నిలబడి పది నిమిషాలు చూడండి. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో నురగ లేని ముదురు రంగు పట్టీ కనిపిస్తే అటు వెళ్లొద్దు. భక్తులు వదిలిన పూలు, అరటి దొప్పలు ఒడ్డుకు తిరిగి రాకుండా ఒకే దారిలో లోపలికి పోతున్నా అదే గుర్తు. నిన్న బాగున్న చోటు ఇవాళ బాగుంటుందనుకోవద్దు, దిబ్బలు కదులుతుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరిక ఇచ్చిన రోజున అసలు దిగకండి.

చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదకండి. అది కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకలేయండి. ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా నురగ ఉన్న వైపు ఈది, తర్వాత ఏటవాలుగా ఒడ్డుకు రండి.

ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకొద్దు. చేయీ చేయీ పట్టుకుని గొలుసుకట్టుగా దిగడమూ వద్దు, ఒకరి కాలు జారితే అందరూ పోతారు. ఖాళీ 5 లీటర్ల డబ్బాలో రెండు గ్లాసుల నీళ్లు పోసి, మూత బిగించి, తాడు కట్టి విసరండి. నీళ్లు లేకపోతే గాలికి డబ్బా పక్కకు పోతుంది.

బయటికి తెచ్చాక పొట్ట నొక్కే అలవాటు ఇకనైనా మానాలి. పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయించండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందు నోటితో 5 సార్లు ఊదండి. ఆపై ఛాతీ మధ్య 5 సెంటీమీటర్ల లోతుకు 30 నొక్కులు, 2 ఊదులు చొప్పున అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. తేరుకున్నా దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరి అందకుండా పోవచ్చు.