గాలి ఆగింది కదా అని బడి తలుపులు తీయకండి

2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోడిలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి రాళ్లు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని వార్తల్లో వచ్చింది. అది తుపాను కాదు, వాన. మన కోస్తాలో 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, 2025 మొంథా తుపానులు మూడూ అక్టోబరులోనే తీరం దాటాయి. పల్లెల్లో పునరావాస కేంద్రం కూడా చాలాచోట్ల బడే. ఊరంతా తలదాచుకున్న ఆ గదుల్లోనే మళ్లీ పిల్లలు కూర్చోవాలి.

కిటికీలు బిగించడం, టార్చి పెట్టుకోవడం అందరికీ తెలిసినవే. ప్రాణాల మీదికి తెచ్చేది ఒకే తప్పు: ఆగింది కదా అనుకోవడం.

గాలి ఆగినప్పుడు

తుపాను కన్ను ఊరి మీదుగా పోతే గాలి ఒక్కసారిగా పడిపోతుంది, వెలుతురు కూడా వస్తుంది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా కొడుతుంది. మొదటి గాలికి ఒరిగిన చెట్లు, వదులైన రేకులు ఈ దెబ్బకు పడతాయి. పశువుల్ని చూసొస్తామని, పడవ కట్టొస్తామని బయల్దేరేది సరిగ్గా ఈ మధ్యలోనే. అధికారులు చెప్పేదాకా గేటు దగ్గర ఒకరిని నిలబెట్టి అందరినీ ఆపండి.

వాన ఆగినప్పుడు

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. మట్టి అడుసుతో కట్టిన పాత గోడ నానితే పట్టు వదులుతుంది, పునాది కింద నేల మెత్తబడుతుంది. గోడ నిలబడి ఉన్నట్టే కనిపిస్తుంది, ఎండ వచ్చిన రెండో రోజో మూడో రోజో కూలుతుంది. స్లాబు సంగతి వేరు. పగుళ్లలోంచి దిగిన నీటికి ఊచలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, కింది కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తాయి. పొడవాటి కర్రతో పక్కగా నిలబడి తట్టండి. డొల్ల చప్పుడు వస్తే ఆ గదికి తాళం వేయండి. నిన్నటిదాకా సులువుగా పడిన తలుపు బిగుసుకుందంటే గోడ కదిలి ఉండొచ్చు. తలుపు మూలల నుంచి ఏటవాలుగా పోయే కొత్త పగులు కనిపిస్తే చివర పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయండి. పగులు గీత దాటితే లోపలికి వెళ్లొద్దు. దాటకపోయినా ఇంజినీరు చూసి రాసిచ్చేదాకా పాఠాలు చెట్టు కింద కాదు, గట్టిగా ఉన్న వేరే భవనంలో పెట్టండి. ప్రహరీ నుంచి దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, ఎవరూ దగ్గరికి రాకుండా తాడు కట్టండి.

ఎండ కాసింది కదా అని గోడ ఎండిపోదు.

కరెంటు, నీళ్లు

కరెంటు వచ్చింది కదా అని మెయిన్ వేయకండి. తడి స్విచ్చుబోర్డు, మునిగిన మోటారు ఎలక్ట్రీషియన్ చూశాకే. తెగిన తీగ కనిపిస్తే కరెంటువాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి.

ట్యాంకు ఖాళీ చేసి తోమండి. మళ్లీ నింపి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక రోజు ఉంచి పారబోయండి. ఆ నీళ్లు తాగడానికి కాదు. తర్వాత తేట నీళ్లు పట్టి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు కలపండి, గంట ఆగాకే వాడండి. మూట విప్పి ఎన్నాళ్లో పడి ఉన్న పౌడరుకు ఘాటు పోతుంది, పని చేయదు.

ఇక మిగిలినవి

తడిసిన బియ్యం ఆరబెట్టి వండొద్దు. బూజు వాసన పోయినా బూజు విషం పోదు.

బెంచీల కింద చేయి పెట్టొద్దు. ముందు కర్రతో కదపండి. పాము కాటుకు కట్టు బిగించొద్దు, కోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

పిల్లల చేత బురద ఎత్తించొద్దు.

అడ్మిషన్ రిజిస్టరు తుపానుకు ముందే ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎత్తుమీద పెట్టండి. అది తడిస్తే టీసీలకు పిల్లలు ఏళ్లపాటు తిరగాలి.

శుభ్రం చేయకముందే ప్రతి గదీ ఫోటో తీయండి. నష్టం రాసుకునేవాళ్లు వచ్చేసరికి ఊడ్చేసి ఉంటే చూపించడానికి ఏమీ మిగలదు.

సాయం అడిగేటప్పుడు "ఏదైనా పంపండి" అనొద్దు. పాత బట్టలు గుట్టపడతాయి, గదులు నిండుతాయి. తరగతివారీగా పిల్లల సంఖ్య, ఎన్ని నోటుపుస్తకాలు, ఎన్ని టార్పాలిన్లు, ఎన్ని వంట గిన్నెలు, ఎంత బ్లీచింగ్ అని లెక్క రాయండి. పాఠ్యపుస్తకాలు దాతలను అడగొద్దు, మండల విద్యాశాఖకు జాబితా ఇవ్వండి. వచ్చిన ప్రతి వస్తువూ పాఠశాల కమిటీ రిజిస్టరులో ఎక్కాలి, ఇద్దరి సంతకాలుండాలి.

పంచేటప్పుడు ఆ తాళం వేసిన గది వరండాలో పంచొద్దు.