తుపాన్ల కాలానికి ముందే: చెట్టు ఎక్కేవాళ్లకీ, కట్టెలు అమ్మేవాళ్లకీ కొన్ని జాగ్రత్తలు

రోహిణి కార్తెలో మొదటి ఈదురుగాలి తగలగానే మాకు ఫోన్లు మొదలవుతాయి. ఇంటి మీదికి కొమ్మ వంగింది, వచ్చి కొట్టెయ్యండి అంటారు. చాలామంది చివర్లో ఇంకో మాట కూడా కలుపుతారు: "కూలి ఇవ్వలేం గానీ, కట్టెలన్నీ మీరే పట్టుకుపోండి." అనకాపల్లి వైపు మా నాన్న కట్టెల అడితి నడిపేవారు. చెట్లు కొట్టే పని, కట్టెలు అమ్మే పని రెండూ నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ పనిలో ప్రమాదం చాలాసార్లు ఆ బేరం దగ్గరే మొదలవుతుంది.

కూలి కట్టెల రూపంలో వస్తుందంటే మన చూపు లావుపాటి మాను మీదికి పోతుంది. నిజంగా తీయాల్సింది ఎండిపోయిన సన్న కొమ్మ. అది తీస్తే మనకు ఏమీ మిగలదు. దాంతో అవసరం లేని పెద్ద కొమ్మ కోస్తాం, చీకటి పడేలోపు ఒక్క ట్రిప్పులో లోడు ఎత్తేయాలని తొందరపడతాం. అందుకే మా దగ్గర కోత కూలి వేరు, కట్టె ధర వేరు. ఇంటివాళ్లు కట్టె అమ్ముతామంటే కాటా వేసి కొంటాం, ఉంచుకుంటామంటే అక్కడే పేర్చి వస్తాం. కూలి మాట్లాడుకోకుండా చెట్టు ఎక్కొద్దు.

ఎక్కేముందు ఒక పావుగంట చెట్టు చుట్టూ తిరగండి. మొదలు దగ్గర నేల పగిలి ఉందా, వేళ్లు ఒక వైపు పైకి లేచాయా, మానుకు పుట్టగొడుగులు పట్టాయా, తొర్ర ఉందా, చెద పట్టిందా చూడండి. సుత్తితో కొట్టి వినండి. డొల్లగా మోగితే ఆ చెట్టు మీద మనిషి బరువు పెట్టకండి. రెండు కొమ్మలు పంగలా విడిపోయే చోట బెరడు లోపలికి మడత పడి ఉంటే అక్కడ పట్టు తక్కువ, గాలికి మొదట చీలేది అదే. చెట్టు జాతిని బట్టి కూడా జాగ్రత్త మారుతుంది. మునగ, తురాయి, నిద్రగన్నేరు కొమ్మలు చెప్పాపెట్టకుండా విరుగుతాయి, వాటి మీద కాలు పెట్టి నిలబడొద్దు. చింత, వేప బరువు మోస్తాయి గానీ ఎండిన కొమ్మని ఏ చెట్టుదైనా నమ్మకూడదు. కొబ్బరి మాను అంతా పీచు. మిగతా చెట్లు కోతకు స్పందించినట్టు అది స్పందించదు. గాటు పెట్టిన వైపే ఒరుగుతుందన్న నమ్మకం పెట్టుకోకుండా తాడు కట్టి లాగాలి.

తేనెతుట్టె, కందిరీగల గూడు ఉన్నాయేమో కింద నుంచే వెతకండి. కోత మిషన్ (చైన్‌సా) అదురుకే అవి లేస్తాయి, ఎత్తులో ఉన్న మనిషి పారిపోవడానికి చోటు ఉండదు. మామిడి చెట్టయితే ఎర్ర చీమల గూళ్లు కూడా చూసుకోవాలి. అవి కుడుతుంటే చెయ్యి వదిలేసేవాళ్లని చూశాను.

కరెంటు తీగ గురించి

దీని దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన పనిలో రెండో అవకాశం ఇవ్వనిది ఇదే.

తీగకి 10 అడుగుల లోపు కొమ్మ ఉంటే ఆ పని మనది కాదు, కరెంటు వాళ్లది. 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపడానికి అనుమతి) తీసుకుని, తన కళ్ల ముందే సప్లై ఆపించి ఎర్త్ చేశాకే కొమ్మ మీద కత్తి పడాలి. "ఇప్పుడు కరెంటు పోయింది కదా, ఈలోపు కొట్టేద్దాం" అన్న మాట ఎవరు చెప్పినా వినకండి. ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. పైగా పక్కింట్లో జనరేటర్ సరిగ్గా బిగించకపోతే ఆపిన లైన్‌లోకి కూడా వెనక్కి కరెంటు రావచ్చు. పచ్చి కొమ్మలో నీరుంటుంది, అది కరెంటుకి దారే. తడిసిన వెదురు గడ, తడి తాడు కూడా అంతే. అల్యూమినియం నిచ్చెన తీగల దగ్గరికి తీసుకెళ్లనే కూడదు. కోసిన కొమ్మ తీగ మీద వాలిందంటే దాన్ని లాగకండి, చెట్టుని కూడా ముట్టుకోకండి. అందరూ దూరం జరిగి ఫోన్ చేయాలి.

ఎక్కేటప్పుడు, కోసేటప్పుడు

నడుముకి ఒక్క తాడు చుట్టుకుని ఎక్కే పద్ధతి మనకు అలవాటు. జారితే ఆ తాడు నడుముని బిగించి ఊపిరి ఆపేస్తుంది. తొడలకీ నడుముకీ కలిపి కట్టుకునే హార్నెస్ కొనండి. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికుల కోసం తాళ్లు, క్లిప్పులతో కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా మోకుతో తాడిచెట్టు ఎక్కినవాళ్లకే అవి అవసరమయ్యాయి. మనకి ఎందుకు అవసరం లేదనుకోవాలి? పైన మిషన్ వాడేటట్టయితే రెండు చోట్ల వేరువేరుగా కట్టుకోండి. చైన్ ఒక తాడుకి తగిలినా రెండోది ఆపుతుంది. నా మటుకు నేను చేతి లావు కొమ్మల వరకు పైన చేతి రంపమే వాడతాను. ఆలస్యమవుతుంది, కానీ కుదురుగా ఉంటుంది.

పెద్ద కొమ్మని మూడు కోతల్లో తీయాలి. మాను నుంచి ఒకటిన్నర అడుగు దూరంలో ముందు కింది నుంచి మూడో వంతు కోయండి. తర్వాత ఇంకొంచెం బయటికి జరిగి పై నుంచి కోస్తే, కొమ్మ బెరడు చీల్చుకుంటూ మాను మీదికి రాకుండా విడిపోతుంది. మిగిలిన మొండిని చివరగా తీయాలి. కొమ్మ మానుతో కలిసే చోట ఉబ్బెత్తుగా మెడలా ఉంటుంది. ఆ మెడకి బయటే కోయాలి. మెడని కూడా నరికేస్తే గాయం మూసుకోదు, మొండి వదిలేస్తే అది కుళ్లి తొర్ర అవుతుంది. మామిడికి కోసిన చోట బోర్డో పేస్ట్ పూయొచ్చు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు.

చాలామంది ఇంటివాళ్లు "తల మొత్తం కొట్టెయ్యండి, గాలికి భయం ఉండదు" అంటారు. ఒప్పుకోకండి. తల కొట్టిన చోట చుట్టూ గుబురుగా వచ్చే చిగుళ్లు పైపైనే అతుక్కుని ఉంటాయి. రెండు మూడేళ్లలో అవే బరువై గాలికి ఊడిపడతాయి. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, ఇంటి పైకప్పు మీదికి వంగినవి తీసి, ఆకులో పావు వంతుకి మించకుండా పలచన చేస్తే గాలి చెట్టు గుండా పోతుంది.

చైన్ సెకనుకి దాదాపు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. భుజం పైకి ఎత్తి కోయకండి. బార్ (చైన్ తిరిగే పొడుగు రేకు) కొన పైభాగం దేనికైనా తగిలితే మిషన్ కళ్లు మూసి తెరిచేలోపు ముఖం మీదికి ఎగురుతుంది. రెండు చేతులతో, బొటనవేళ్లు హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోవాలి. రెండడుగులు నడవాలన్నా చైన్ బ్రేకు వేయాలి. పెట్రోలు పోసేముందు ఇంజను చల్లారనివ్వండి. మిషన్ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకి మఫ్‌లు పెట్టుకోకపోతే నలభై ఏళ్లకే వినికిడి పోతుంది, మా నాన్నకి అలాగే పోయింది. హెల్మెట్, జాలీ ఉన్న ముఖకవచం, బూట్లు తప్పనిసరి. లుంగీ, చెప్పులతో వచ్చినవాణ్ణి ఆ రోజుకి వెనక్కి పంపించేస్తాం.

మాను మొత్తం పడగొట్టాలంటే ముందు చుట్టూ చెట్టు ఎత్తుకి రెండింతల దూరం ఖాళీ చేయించండి. పడే వైపు గాటు మాను మందంలో నాలుగో వంతుకి తగ్గకుండా, మూడో వంతుకి మించకుండా పెట్టండి. వెనక కోత ఆ గాటు కంటే కాస్త ఎత్తులో రావాలి. రెండింటి మధ్య మందంలో పదో వంతు కోయకుండా మిగలాలి, పడేటప్పుడు చెట్టుని దారిలో ఉంచేది అదే. కోతలో ప్లాస్టిక్ లేదా చెక్క వెడ్జి (చీలిక) దిగ్గొట్టండి, ఇనుముది వద్దు. మనం తప్పుకునే దారి ముందే చూసుకోవాలి, అది చెట్టుకి వెనక ఏటవాలుగా ఉండాలి. బాగా ఒరిగిన జామాయిల్ లాంటి మాను కోత మధ్యలోనే నిలువునా చీలి వెనక్కి లేస్తుంది. అలాంటిది అనుభవం లేనివాళ్లు ముట్టుకోకూడదు.

తుపాను తర్వాత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగింది. అయిపోయిందనుకుని బయటికి వచ్చినవాళ్లున్నారు. అది తుపాను కన్ను. అది దాటాక గాలి ఎదురు వైపు నుంచి మళ్లీ మొదలవుతుంది, మొదటి విడతలో సగం కదిలిన చెట్లని రెండో విడత పడేస్తుంది. తుపాను దాటిందని అధికారికంగా చెప్పేదాకా మిషన్ బయటికి తీయొద్దు.

పడిపోయిన చెట్టు నిలబడ్డ చెట్టుకన్నా ప్రమాదం. ఆ రోజుల్లోనే మా పక్కన పనిచేసిన ఒకతను వేళ్లతో సహా ఒరిగిన వేపని మధ్యలో కోశాడు. పై బరువు పోగానే వేళ్ల ముద్ద మానుని లాక్కుని గుంటలోకి మళ్లీ నిలబడింది. అతని కాలు రెండు చోట్ల విరిగింది. ఆ గుంటలో అంతకుముందే పిల్లలు ఆడుకుంటున్నారు. అందుకే కోయకముందు వేళ్ల గుంట చుట్టూ మనుషుల్ని తప్పించండి, వేళ్ల ముద్దకి తాడు కట్టి పట్టు ఇవ్వండి. విల్లులా వంగిన కొమ్మ ఉంటే లోపలి వంపు వైపు ముందు కొద్దికొద్దిగా కోసి, తర్వాత బయటి వైపు కోయండి. బిగుసుకుని ఉన్న వైపు ఒకేసారి కోస్తే అది కొరడాలా తగులుతుంది.

రోడ్డు మీద పడిన చెట్టు ఎవరిదీ కాదనుకోకండి. దారి తీయడానికి సాయం చేయొచ్చు, కట్టె మాత్రం పంచాయతీనో సంబంధిత శాఖనో అడిగే తీసుకోవాలి. 2018లో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటప్పుడు రైతు దగ్గరికి వెళ్లి పడిన చెట్టుని చవకగా అడగడం నాకు నచ్చదు. కోత కూలి తీసుకుని కట్టె రైతుకే వదిలేయడం మంచిది.

కట్టె అమ్మేటప్పుడు

పచ్చి కట్టె బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లే ఉంటాయి. 40 శాతం తేమ ఉన్న టన్ను కట్టె 20 శాతానికి ఆరితే 750 కిలోలే మిగులుతుంది. పచ్చిగా కొని ఎండబెట్టి అమ్మేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోకపోతే నష్టపోతారు. పచ్చిదాన్ని ఎండినదని అమ్మితే హోటల్ వంటవాడు పొగలో దగ్గుతాడు, మళ్లీ మీ దగ్గరికి రాడు. మే నెల ఎండలోనే చీల్చి ఆరబెట్టండి, మృగశిర వచ్చాక ఆరదు. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చడం తేలిక. చింత మాత్రం ఎప్పుడైనా మొండికేస్తుంది. అడుగున ఇటుకలు పరిచి, వాటి మీద నాలుగడుగులకి మించకుండా పేర్చండి. టార్పాలిన్ పైన మాత్రమే కప్పాలి. పక్కలు కూడా మూసేస్తే బూజు పడుతుంది. పేర్పులోంచి కట్టె తీసేటప్పుడు ముందు కర్రతో కదపండి, తేళ్లూ పాములూ చల్లదనానికి అక్కడే చేరతాయి.

గన్నేరు కట్టె వంటకి అమ్మొద్దు, దాని పొగ కూడా విషమే. రంగు వేసిన తలుపు చెక్కలు, మందు పట్టించిన కలప కూడా అంతే. కొత్తవాళ్లకి మొదటి లోడు ఇచ్చేటప్పుడు దేనికి వాడతారో అడగండి. పెళ్లి వంటకి, ఇటుక బట్టీకి, పొగాకు బ్యారన్‌కి ఒకే కట్టె సరిపోదు. కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. లోడు బేరమైతే ఖాళీ బండి కాటా చీటీ కూడా కొన్నవాళ్లకి ఇవ్వండి. లోడు మీద మనుషుల్ని కూర్చోబెట్టొద్దు. వెనక్కి పొడుచుకొచ్చిన దుంగలకి ఎర్ర గుడ్డ కట్టండి.

అనుమతుల విషయం తేలిగ్గా తీసుకోకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద సొంత స్థలంలో చెట్టు కొట్టడానికీ అనుమతి కావాలి. తోటలుగా పెంచే సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటి వాటికి సడలింపులున్నాయి. ఏ జాతికి ఏ కాగితం కావాలో కోయకముందే ఫారెస్టు రేంజి ఆఫీసులో అడగాలి. కొట్టేశాక అడిగితే జరిమానా లెక్క చెబుతారు. ఎర్రచందనం ముక్క లోడులో ఒక్కటి కలిసినా బండి, డ్రైవరు, మీరు అందరూ ఇరుక్కుంటారు.

ఈ సీజన్ మొదటి పనికి వెళ్లేముందు టీములో అందరికీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్ష బీమా కట్టించండి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు. పని చేసే చోట కింద ఒక మనిషి ఎప్పుడూ పైవాణ్ణి చూస్తూ ఉండాలి, అతని చేతిలో ఇంకో పని ఉండకూడదు. రక్తం కారితే శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా నొక్కి పట్టి, 108కి ఫోన్ చేయాలి. వీధి పేరు, ఇంటి గుర్తు పొద్దున్నే ఆ కింద ఉండే మనిషికి చెప్పి ఉంచండి. తోటల్లో అయితే అంబులెన్స్ ఏ గట్టు దాకా రాగలదో కూడా చూసి పెట్టుకోండి.