బదనికల వర్గీకరణ – 4వ పాఠం: రెక్క చదవడం

పసుపు పళ్లేల్లో సబ్బునీళ్లు పోసి పట్టిన బదనికలతో (వేరే పురుగుల్లో గుడ్లు పెట్టి, వాటినే తిని పెరిగే కందిరీగ జాతి కీటకాలతో) ఒక చిక్కుంది: అవి ఏ పురుగు మీద బతికాయో తెలీదు. అది తెలియాలంటే పురుగును తెచ్చి పెంచాల్సిందే.

ఉరవకొండ వైపు నల్లరేగడి శనగ చేలల్లో పచ్చపురుగు పిల్లలు ఆకు గీకుతుంటాయి. మందు కొట్టని చేను చూసుకుని చిన్నవాటినే ఏరండి. కాంపొలెటిస్ క్లోరిడే అనే బదనిక పిల్ల పురుగులోనే గుడ్డు పెట్టి, అది పెద్దదయ్యేలోపే చంపేస్తుంది. డబ్బాకు ఒక్క పురుగునే వేయండి, కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. రోజూ లేత ఆకు మార్చి, పైన పల్చటి గుడ్డ కట్టండి. ఎండిపోయిన పురుగు తోలు పక్కన చిన్న గూడు కనిపించిందంటే పని అయినట్టే.

బయటికొచ్చిన బదనికను ఒక రోజు గట్టిపడనిచ్చి, 95 శాతం ఆల్కహాల్లో వేయండి. డీఎన్ఏ పరీక్షకు అదే మేలు. ఏ పురుగు, ఏ పంట, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు పట్టారు అన్నది చీటీ మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది. చీటీ లేని బదనిక నా లెక్కలో చెత్తబుట్టకే.

ఇక బదనిక ముందు జత రెక్కల్లో ఒకటి తీసి భూతద్దం కింద పెట్టండి. రెక్క మధ్య నుంచి కొస వైపు చూస్తూ వెళ్తే, పై ఈనెను కింది ఈనెతో కలిపే అడ్డ ఈనె ఒకటి తగులుతుంది. దాన్ని దాటి కొసకు దగ్గరగా అలాంటిదే రెండోది ఉంటే ఇక్న్యూమోనిడే కుటుంబం, లేకపోతే బ్రకోనిడే. మినహాయింపులు బహు తక్కువ. ఇంకో ఆనవాలు కూడా చూసుకోండి: ఇక్న్యూమోనిడేలో రెక్క నడుమ రెండు గడులు కలిసిపోయి గుర్రం తలలా కనిపిస్తాయి. బ్రకోనిడేలో మామూలుగా వాటి మధ్య ఈనె ఉంటుంది. ఈనెలు దాదాపు లేకుండా, మీసాలు మోచేయిలా వంగి ఉంటే అవి చాల్సిడ్‌లు అనే మరో గుంపు బదనికలు. వాటికి వేరే పాఠం ఉంది.

పుస్తకంలో పోలిక దొరకనంత మాత్రాన కొత్త జాతి అయిపోదు. అది చెందిన ప్రజాతిలో (జీనస్‌లో) ఇప్పటికే పేరున్న జాతుల వర్ణనలతో, వీలైతే హోలోటైప్‌లతో (జాతి పేరుకు ఆధారంగా నిలిపిన అసలు నమూనాలతో) పోల్చాలి. 1999 తర్వాత ప్రచురించే ఏ కొత్త జాతికైనా పేరుకు ఆధారమైన నమూనా ఏదో, అది ఏ సంగ్రహంలో ఉంటుందో చెప్పి తీరాలి, లేకపోతే ఆ పేరు చెల్లదు.

అభ్యాసం: మూడు బదనికల ముందు రెక్కలు గీసి, రెండో అడ్డ ఈనె ఉన్నచోట ఎర్ర పెన్సిల్‌తో దిద్దండి. లేని రెక్క దగ్గర ‘లేదు’ అని రాయండి, ఖాళీగా వదిలేయొద్దు.