ఫైర్‌ఫాక్స్ ఏ ఛానెల్‌లో ఉందో వెర్షన్ నంబరు చూసి చెప్పకండి

అప్‌డేట్లు మరీ ఎక్కువగా వస్తున్నా, అసలు రాకపోయినా, పక్కవాళ్ల కంప్యూటర్లో లేని మార్పు మీ దాంట్లో కనిపించినా, ముందు తేల్చాల్సింది ఛానెల్, అంటే మీ ఫైర్‌ఫాక్స్‌కు వచ్చే అప్‌డేట్లు అందరికీ వెళ్లే రకానివా, పరీక్షల కోసం పంపే రకానివా అన్నది. అది చూడకుండానే యాడ్-ఆన్‌లు తీసేస్తారు, ప్రొఫైల్ (బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉండే మీ డేటా) చెరిపేస్తారు, బ్రౌజర్ మొత్తం తీసి మళ్లీ వేస్తారు. అర నిమిషంలో తేలే విషయానికి పూట పోతుంది.

అడ్రస్ పట్టీలో అబౌట్:సపోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటి పట్టికలోనే పేరు, వెర్షన్, బిల్డ్ ఐడీ (ఆ ప్రతికి ఇచ్చిన గుర్తింపు నంబరు), అప్‌డేట్ ఛానెల్ ఉంటాయి. చదవాల్సింది అప్‌డేట్ ఛానెల్ వరస. రిలీజ్ (అందరికీ వెళ్లేది), బీటా (విడుదలకు ముందు పరీక్షించేది), అరోరా (వెబ్ డెవలపర్ల కోసం చేసే డెవలపర్ ఎడిషన్‌ది), నైట్లీ (రోజూ తయారయ్యే ప్రయోగ ప్రతి), ఈఎస్ఆర్ (ప్రధాన నంబరు తరచూ మారకుండా ఎక్కువకాలం సపోర్ట్ ఉండేది): దాదాపు ఎప్పుడూ వీటిలో ఒకటే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌ను తెలుగులో వాడేవాళ్లకు మెనూ పేర్లు తెలుగులో కనిపిస్తాయి కానీ ఈ అడ్రస్ మారదు. అందుకే ఎవరికైనా ఫోన్లో చెప్పేటప్పుడు మెనూల దారి కంటే ఇదే నయం.

"మీ బ్రౌజర్ ఏది" అని చూపించే వెబ్‌సైట్లను ఈ పనికి నమ్మకండి. బ్రౌజర్ సైట్లకు చెప్పుకునే వివరంలో ప్రధాన నంబరే ఉంటుంది. బీటా అన్న గుర్తు, ఈఎస్ఆర్ అన్న గుర్తు అందులో ఉండవు.

లక్షణం: నంబరు శుభ్రంగా ఉంది, అయినా రిలీజ్‌లా ప్రవర్తించడం లేదు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నైట్లీ నంబరు చివర ఏ1 ఉంటుంది, బీటాకు బీ అక్షరం, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అక్షరాలేవీ లేకుండా 130.0 అని కనిపిస్తే రిలీజే అనుకుంటారు. కాదు, బీటా కూడా కావచ్చు.

ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్ సుమారు నాలుగు వారాలకొకటి వస్తుంది. విడుదలకు ముందు వారంలో తయారయ్యే తుది ప్రతిని, అంటే రిలీజ్ క్యాండిడేట్‌ను, బీటా ఛానెల్ వాళ్లకు పంపి పరీక్షిస్తారు. అది విడుదలవ్వాల్సిన ప్రతే కాబట్టి నంబరులో బీ ఉండదు. లోపం ఏమీ బయటపడకపోతే అదే ప్రతి అందరికీ వెళ్తుంది. అప్పుడు బిల్డ్ ఐడీలోని 14 అంకెలు కూడా రెండు చోట్లా ఒకటే అవుతాయి. పైగా విండోస్‌లో రిలీజ్, బీటా రెంటికీ పేరు మొజిల్లా ఫైర్‌ఫాక్సే, ఐకానూ ఒకటే, ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డరూ ఒకటే. డెవలపర్ ఎడిషన్, నైట్లీలకు మాత్రం ఐకాను, ఫోల్డరు వేరు.

ఛానెల్ పేరు రాసి ఉండేది ఇన్‌స్టాల్ ఫోల్డర్లో, డిఫాల్ట్స్ లోపలి ప్రెఫ్ అనే ఫోల్డర్లోని ఛానెల్-ప్రెఫ్స్ అనే చిన్న ఫైల్లో. మామూలు అప్‌డేట్ ఆ ఫైలును ముట్టుకోదు. కాబట్టి క్యాండిడేట్ వచ్చినా మీరు బీటాలోనే ఉంటారు. కొద్ది రోజుల్లో తర్వాతి నంబరు బీటా దిగుతుంది, మళ్లీ వారానికి రెండు మూడు అప్‌డేట్లు మొదలవుతాయి.

పరిష్కారం: రిలీజ్‌కు మారాలంటే సరైన సమయం ఈ క్యాండిడేట్ ఉన్న రోజులే. ముందు సెట్టింగ్స్‌లోని జనరల్ పేజీలో అప్‌డేట్లు వాటంతట అవే ఇన్‌స్టాల్ కాకుండా, మిమ్మల్ని అడిగేలా మార్చండి. తర్వాతి బీటా వచ్చిందని అడిగితే ఒప్పుకోకండి. మీ దగ్గరున్న నంబరు అధికారికంగా విడుదలైన రోజున మొజిల్లా సైట్ నుంచి రిలీజ్ ఇన్‌స్టాలర్ పూర్తిగా దించుకుని, అదే ఫోల్డర్లో పాతదాని మీదే వేయండి. ఇన్‌స్టాలర్ ఆ ఛానెల్ ఫైలును కూడా మారుస్తుంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఎక్కడివక్కడే ఉంటాయి. అబౌట్:సపోర్ట్‌లో మళ్లీ చూసి, రిలీజ్ అని కనపడ్డాకే అప్‌డేట్ సెట్టింగు వెనక్కి మార్చండి.

తొందరపడి విడుదల రోజుకు ముందే ఇన్‌స్టాలర్ దించితే వచ్చేది కిందటి వెర్షన్. అది వేసి తెరిస్తే, ఫైర్‌ఫాక్స్ పాత వెర్షన్ తెరిచారంటూ కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది, లేదా మూసేయమంటుంది. వెర్షన్ 67 నుంచి ఉన్న రక్షణ ఇది. మీ డేటా పోలేదు, పాత ప్రొఫైల్ అలాగే ఉంది. దాన్ని దాటడానికి అలో-డౌన్‌గ్రేడ్ అనే ఆప్షన్ ఉంది కానీ వాడకండి. కొత్త వెర్షన్ రాసిన డేటాబేసులను పాతది తెరిస్తే పాడయ్యే ప్రమాదం ఉంది. తర్వాతి బీటా ఇప్పటికే ఎక్కేసి ఉంటే ఆ నంబరు విడుదలయ్యేదాకా ఆగండి. ఆగలేకపోతే బుక్‌మార్కులు బ్యాకప్ తీసి, పాస్‌వర్డులు ఎగుమతి చేసి, కొత్త ప్రొఫైల్లోకి తెచ్చుకోండి. ఎగుమతి చేసిన పాస్‌వర్డుల ఫైల్లో అన్నీ బాహాటంగా కనిపిస్తాయి, పని కాగానే చెరిపేయండి.

అబౌట్:కాన్ఫిగ్ అనే లోపలి సెట్టింగుల పేజీలో ఛానెల్ విలువ మార్చి లాభం లేదు. అప్‌డేటర్ చూసేది డిఫాల్ట్ విలువను, మీరు మార్చినదాన్ని కాదు. ఛానెల్-ప్రెఫ్స్ ఫైలును చేత్తో దిద్దడమూ తప్పే. ఏ ఛానెల్ అప్‌డేట్‌ను ఒప్పుకోవాలో అప్‌డేట్-సెట్టింగ్స్ అనే మరో ఫైల్లో ఉంటుంది. రిలీజ్‌ను ఇలా బీటాగా మార్చాలని చూస్తే అప్‌డేట్ దిగుతుంది కానీ ఆ రెండో ఫైలు దగ్గర ఆగిపోతుంది.

లక్షణం: నంబరు ఏళ్లనాటిది, అప్‌డేట్ చేస్తే తాజాగానే ఉన్నానంటోంది

ఛానెల్ దగ్గర ఈఎస్ఆర్ ఉంటుంది. నంబరు 115తో మొదలై, విండోస్ 7, 8 లేదా 8.1 అయితే మీరేమీ చెడగొట్టలేదు. ఆ విండోస్‌లకు చివరి ప్రధాన వెర్షన్ 2023లో వచ్చిన 115, అందుకే వాటిని ఈఎస్ఆర్‌లోకి మార్చేశారు. విండోస్ మారితే తప్ప పై నంబరు రాదు. ఆఫీసు కంప్యూటర్లో 128, 140 లాంటి ఈఎస్ఆర్ కనిపిస్తే అది ఐటీ వాళ్లు కావాలని పెట్టింది, వాళ్లనే అడగండి.

లక్షణం: అరోరా అని ఉంది

డెవలపర్ ఎడిషన్ వాడుతున్నారు, అంతే. అరోరా ఛానెల్‌ను 2017 ఏప్రిల్‌లో ఎత్తేశారు, అప్పటి నుంచి డెవలపర్ ఎడిషన్‌కు బీటా కోడే అందుతోంది. లోపలి పేరు మాత్రం మారలేదు. నంబరులో బీ ఉండి ఛానెల్ అరోరా కావడం సరైనదే.

లక్షణం: ఉబుంటులో ఫైర్‌ఫాక్స్‌లో కనిపించే ఛానెల్‌తో లెక్క కుదరడం లేదు

22.04లోనూ తర్వాతివాటిలోనూ ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (ఉబుంటు సొంత ప్యాకేజీ పద్ధతిలో) వస్తుంది, అప్‌డేట్లు స్నాప్ చేతిలో ఉంటాయి. టెర్మినల్‌లో స్నాప్ లిస్ట్ ఫైర్‌ఫాక్స్ కొట్టి ట్రాకింగ్ అనే గడి చూడండి. లేటెస్ట్/స్టేబుల్ కాకుండా క్యాండిడేట్, బీటా, ఎడ్జ్ అని ఉంటే స్నాప్ రిఫ్రెష్ కమాండుకు ఛానెల్‌గా లేటెస్ట్/స్టేబుల్ ఇవ్వండి. కిందటి వెర్షన్‌కు దిగితే పైన చెప్పిన ప్రొఫైల్ హెచ్చరిక ఇక్కడా వస్తుంది.

ఛానెల్ దగ్గర డిఫాల్ట్ అని కనిపించడం అరుదు. సాధారణంగా అది ఎవరో సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కట్టుకున్న ప్రతి. దాన్ని తీసేసి, మొజిల్లా సైట్‌లోదే వేసుకోండి.