క్రామర్ లెక్క తప్పుతోందా? ముందుగా గుణకాల వరుస చూడండి

నల్గొండ, మిర్యాలగూడ వైపు ఇంటర్ పిల్లలు నాకు చూపించే క్రామర్ లెక్కల్లో, అంటే మూడు సమీకరణాలను నిర్ధారకాలతో సాధించే లెక్కల్లో, నిర్ధారకం (గుణకాల పట్టిక నుంచి లెక్కగట్టే సంఖ్య) విప్పడంలో తప్పులు తక్కువే. తప్పు అంతకంటే ముందే, సమీకరణాలను దించుకునేటప్పుడే దొర్లుతుంది. అక్కడ మాత్రం ఎవరూ వెతకరు.

సమస్య: పూర్ణాంకాలే వచ్చాయి, మొదటి సమీకరణంలో సరిపోయాయి, అయినా జవాబు తప్పు

ఈ లెక్క చూడండి.

ఎక్స్ + వై + జెడ్ = 6
ఎక్స్ − వై + జెడ్ = 2
2జెడ్ − వై + ఎక్స్ = 5

మూడోదాంట్లో జెడ్ ముందుంది. చూసినది చూసినట్టే 2, −1, 1 అని దించేస్తారు. డెల్టా (అంటే గుణకాల నిర్ధారకం) విలువ 2 వస్తుంది, సున్నా కాదు కాబట్టి అనుమానం రాదు. జవాబు 3, 2, 1. మొదటిదాంట్లో వేస్తే 6, రెండోదాంట్లో వేస్తే 2. హమ్మయ్య అనుకుని పేజీ తిప్పేస్తారు. మూడోదాంట్లో వేసి ఉంటే 5 బదులు 3 వచ్చేది! సరైన వరుస 1, −1, 2. అప్పుడు డెల్టా −2, జవాబు 1, 2, 3.

క్రామర్ పద్ధతి మీరు రాసిన అంకెలకే జవాబు ఇస్తుంది. సరిగ్గా దించిన రెండు సమీకరణాలూ ఎలాగూ సరిపోతాయి, తప్పు దించినది ఒక్కటే బయటపెడుతుంది. అందుకే మూడింటిలోనూ వేసి చూడాలి. అదీ మీ నోట్సులోని వరుసలతో కాదు, ప్రశ్నపత్రంలోని సమీకరణాలతోనే. మీ వరుసలతో చూస్తే తప్పు లెక్క కూడా ఒప్పే అవుతుంది.

పరిష్కారం: రఫ్‌లో పైన ఎక్స్, వై, జెడ్, స్థిరపదం అని నాలుగు నిలువు వరుసలు పెట్టుకుని, ఒక్కో గుణకాన్ని దాని కిందే రాయండి. ఏ చలరాశైనా లేకపోతే ఖాళీ వదలకుండా 0 వేయండి. అర నిమిషం పని, దయచేసి మానకండి.

మూడు జవాబులకూ గుర్తులు తిరగబడ్డాయి

స్థిరపదాలను కుడివైపుకు తేకుండానే గుర్తుతో సహా దించేశారు.

వై, జెడ్ రెండూ సున్నా వచ్చాయి

డెల్టా 2 (వై కోసం రెండో నిలువు వరుసలో స్థిరపదాలు పెట్టే నిర్ధారకం) రాసేటప్పుడు మొదటి నిలువు వరుసలో పాత గుణకాలు తిరిగి పెట్టలేదు. స్థిరపదాలు రెండు చోట్లా ఉన్నాయి. రెండు నిలువు వరుసలు ఒకటే అయితే నిర్ధారకం సున్నానే. జెడ్ కోసం రాసే డెల్టా 3లోనూ అదే జరిగింది.

డెల్టాయే సున్నా

పరీక్షలో క్రామర్ పద్ధతితో చేయమని అడిగితే ఇది అరుదు, ముందు దించుకున్నది సరిచూడండి. నిజంగానే సున్నా అయితే ఈ పద్ధతి పనికిరాదు, వరుసలను కూడి, తీసి చలరాశులను తొలగించే గాస్-జోర్డాన్ పద్ధతికి వెళ్లండి.