షూటింగ్‌కు ముందే తేల్చుకోవలసిన కొలత

సంస్థ కోసం వీడియో తీయించేవారు, దాన్ని చూసేవారి చేతిలో ఫోన్ నిలువుగా ఉంటుందా, లేక ఎదుట పెద్ద తెర ఉంటుందా అన్నది స్క్రిప్టు దశలోనే తేల్చుకోవాలి. 16:9 నిష్పత్తిలో అడ్డంగా తీసిన 1920×1080 దృశ్యం నుంచి 9:16 నిలువు ముక్కను కత్తిరిస్తే వెడల్పులో దాదాపు 607 పిక్సెళ్లే మిగులుతాయి. ఇద్దరు పక్కపక్కన కూర్చొని మాట్లాడుతున్న దృశ్యమైతే ఒకరు పూర్తిగా బయటికి పోతారు, లేదా ఇద్దరి ముఖాలూ సగానికి తెగుతాయి. రెండు రూపాలూ అవసరమైనప్పుడు 3840×2160లో చిత్రీకరించి, మాట్లాడే మనిషినీ, అతని చేతిలోని వస్తువునూ ఫ్రేము నడిమి మూడోవంతు దాటనీయవద్దని కెమెరామన్‌కు ముందే చెప్పండి. అప్పుడు నిలువు ముక్కకు 1215 పిక్సెళ్ల వెడల్పు దక్కుతుంది, 1080×1920 వీడియోకు అది చాలు.

ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్ల పాటు గది ధ్వనిని కూడా రికార్డు చేయించండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు వినిపించకుండా కప్పేది అదే.

అన్నిటికన్నా ముఖ్యంగా, తుది ఆమోదం ఇచ్చే వ్యక్తి చేత స్క్రిప్టును షూటింగ్‌కు ముందే చదివించండి. ఎడిటింగ్ ముగిశాక కెమెరా ముందు పలికిన ఒక్క వాక్యం మార్చాలన్నా, మనుషులనూ లైట్లనూ మళ్లీ అదే చోటికి రప్పించవలసి వస్తుంది.